పొడవు మాటలు, పొట్టి మాటలు: ఆఫ్రికన్ భాషల్లో పిల్లలకు చదవడం ఎలా వస్తుంది

"వాళ్లంటే నాకు ఇష్టం" అని జులూలో చెప్పాలంటే 'న్గియబథాండ' అంటారు. ఒకే పదం, రోమన్ లిపిలో 13 అక్షరాలు. సెపెడీలో అదే మాట 'కె అ బ రత'. నాలుగు పదాలు, అన్నీ కలిపి 9 అక్షరాలు. రెండూ దక్షిణాఫ్రికా భాషలే, రెండూ బంటూ కుటుంబానివే. వాక్యం కట్టే పద్ధతి కూడా ఒకటే: ముందు 'నేను' అనే ముక్క, తర్వాత వర్తమానాన్ని చెప్పే ముక్క, తర్వాత 'వాళ్లని' అనే ముక్క, చివర క్రియ. తేడా రాతలో ఉంది. జులూవాళ్లు ఆ ముక్కలన్నీ కలిపి రాస్తారు, సెపెడీవాళ్లు విడివిడిగా రాస్తారు. ఆరేడేళ్ల పిల్లలు చదవడం నేర్చుకునే తీరును ఈ తేడా ఎంతగానో మారుస్తుంది. అయినా చాలాకాలం పాటు రెండు భాషల పిల్లలకూ ఒకే పద్ధతిలో పాఠం చెప్పారు, ఒకే కొలతతో కొలిచారు. ఆ పద్ధతి, ఆ కొలత రెండూ ఇంగ్లిష్‌వి.

దక్షిణాఫ్రికా పిల్లల చదువు గురించి మిగతా ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా ఒక పరీక్ష ఫలితం ద్వారానే. పిర్ల్స్ అని, ముఖ్యంగా నాలుగో తరగతి పిల్లలకు అయిదేళ్లకోసారి పెట్టే అంతర్జాతీయ పఠన పరీక్ష ఉంది. 2016లో ఆ పరీక్ష రాసిన 50 దేశాల్లో దక్షిణాఫ్రికా ఆఖరున నిలిచింది. పిల్లల్లో 78 శాతం మంది, ఏ భాషలో రాసినా సరే, చదివినదాని అర్థాన్ని కనీస స్థాయిలో కూడా పట్టుకోలేకపోయారు. కోవిడ్‌తో బడులు మూతపడిన తర్వాత, 2021లో అది 81 శాతానికి పెరిగింది. సగటు మార్కు 320 నుంచి 288కి పడిపోయింది. కనీస స్థాయి అని పెట్టుకున్న గీత 400.

ఈ పరీక్షను అక్కడ అప్పటికున్న 11 అధికార భాషల్లోనూ పెట్టారు. ఆఫ్రికన్ భాషల్లో రాసిన పిల్లలు ఇంగ్లిష్‌లో, డచ్ నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్‌లో రాసినవాళ్ల కంటే బాగా వెనకబడ్డారు. ఆ భాషల్లో చదువు చెబితే ఇంతేనన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. అది తొందరపాటు. ఇంగ్లిష్‌లో పరీక్ష రాసిన పిల్లల్లో చాలామంది డబ్బున్న బడులకు వెళ్లేవాళ్లు. జులూలోనో ఖోసాలోనో రాసినవాళ్లు ఎక్కువగా ఫీజు లేని బడుల పిల్లలు. ఇంట్లో పుస్తకం ఉండదు, క్లాసులో నలభై యాభై మంది ఉంటారు, బడిలో లైబ్రరీ ఉండదు. ఈ తేడాలన్నీ కలిసి మార్కుల్లో కనిపిస్తాయి. వాటన్నిటి నెపాన్నీ భాష మీదకు తోసేయడం న్యాయం కాదు.

అసలు లిపి వరకే చూస్తే ఈ భాషలు పిల్లలకు చాలా అనుకూలమైనవి. జులూలో అచ్చులు అయిదే. పదంలో ఎక్కడ వచ్చినా 'ఎ' అంటే 'ఎ'యే. దాదాపు ప్రతి అక్షరమూ అచ్చుతోనే ముగుస్తుంది, తెలుగులాగే. ఇంగ్లిష్‌లో ఒకే స్పెల్లింగ్‌ను నాలుగు రకాలుగా పలకాల్సి వచ్చే బాధ ఇక్కడ లేదు. ఇలా రాసింది రాసినట్టు పలికే ఫిన్నిష్ వంటి భాషల్లో పిల్లలు మొదటి ఏడాదిలోనే దాదాపు ఏ పదాన్నయినా కూడబలుక్కుని చదివేస్తారు. ఇంగ్లిష్ పిల్లలకు దానికి అంతకు రెట్టింపు పైగా సమయం పడుతుంది. జులూ, ఖోసా, సెట్స్వానా పిల్లలు కూడా ఆ ఫిన్నిష్ పిల్లల దారిలోనే నడవాలి. నడవడం లేదు. రెండో తరగతి అయిపోయినా అక్షరాలే సరిగా గుర్తుపట్టలేని పిల్లలు బడుల్లో చాలామంది ఉన్నారు. ఎలిజబెత్ ప్రిటోరియస్, నిక్ స్పాల్, నొంపుమెలెలో మొహొహ్ల్వానే వంటి పరిశోధకులు వేలాది పిల్లల చదువును దగ్గరగా పరిశీలించి చెప్పింది ఇదే. అర్థం కాలేదన్నది పరీక్షలో పైకి కనిపించే సంగతి. దాని కింద పెద్ద భాగం అక్షరాల దగ్గర, పదాల దగ్గర మిగిలిపోయిన లోటు. అక్షరాన్ని పోల్చుకోవడానికే బుర్ర అంతా ఖర్చయిపోతే అర్థానికి ఏమీ మిగలదు.

మరి ఇంత తేలికైన లిపిలో పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు? మొదటి కారణం హల్లుల గుంపులు. ఈ భాషల్లో ఉన్న ధ్వనులకు రోమన్ లిపిలో గుర్తులు చాలవు. 19వ శతాబ్దంలో ఆ లిపిని తెచ్చి అమర్చిన మిషనరీలు రెండు మూడు అక్షరాలు కలిపి ఒక్కో ధ్వనికి వాడారు. జులూలో 'అదృష్టం' అన్న పదంలో ఎన్, హెచ్, ఎల్ అనే మూడక్షరాల గుంపు రెండుసార్లు వస్తుంది. ఖోసావాళ్లు ఇష్టంగా తినే మొక్కజొన్న, చిక్కుడు గింజల వంటకం ఉమ్న్‌గ్కుషో పేరు రాయాలంటే ఎం తర్వాత ఎన్, జి, క్యూ మూడూ వరసగా రావాలి. ఆ మూడూ కలిస్తే నాలుకను అంగిలికి కొట్టి చేసే ఒక్క 'క్లిక్' ధ్వని. నోటితో రోజూ అలవోకగా పలికే ఆ ధ్వని పేజీ మీద మూడు గుర్తులుగా విడిపోయి కనిపిస్తే ఆరేళ్ల పిల్ల తడబడుతుంది. ఈ గుంపులను ఒక్కొక్కటే, వరస పెట్టి, పదేపదే నేర్పించాలి. అక్షరాన్ని ధ్వనితో జతచేసి నేర్పే ఇంగ్లిష్ ఫోనిక్స్ పుస్తకంలో వీటి ఊసే ఉండదు కాబట్టి, దాన్ని చూసి తయారుచేసిన పాఠంలోనూ వీటికి చోటు దొరకదు.

ఇక్కడే పరిశోధకుల మధ్య ఒక వాదన నడుస్తోంది. పిల్లలకు ముందు ఒక్కో ధ్వనిని విడదీసి నేర్పాలా, లేక 'మ మె మి మొ ము' అని గుణింతంలాగా నేర్పాలా? ఆఫ్రికా బడుల్లో ఆ గుణింతం కోరస్‌గా పాడించడం పాత పద్ధతే. ఇంగ్లిష్ పరిశోధన ధ్వనులను విడదీయమంటుంది. కానీ బంటూ భాషల పిల్లలకు చెవికి ముందు అందేది 'మ', 'బ' వంటి నిండు అక్షరమే, 'మ్', 'బ్' అనే పొడి ధ్వని కాదు. తెలుగు పిల్లలకూ అంతే. పొడి హల్లు సంగతి మనకు తట్టేది బడిలో పొల్లు నేర్చుకున్నాకనే. అలాగని ఊరికే కోరస్ పాడిస్తే చదవడం వచ్చేయదు. పాటగా గుర్తుపెట్టుకున్న పిల్లాడికి ఆ వరసలోంచి ఒక్క అక్షరాన్ని వేలు పెట్టి చూపిస్తే చెప్పలేకపోవడం అక్కడి ఉపాధ్యాయులకు కొత్త కాదు. రెండూ కావాలి. అక్షరాన్ని గుంపుగా పట్టుకోవడంతో మొదలుపెట్టి, దాన్ని విడగొట్టి మళ్లీ కలపడం దాకా తీసుకెళ్లాలి.

ఈ విషయంలో తెలుగువాళ్లకు బాగా దగ్గరగా ఉన్నది ఇథియోపియా. అమ్హారిక్ భాష రాసే ఫిదెల్ లిపిలో ముప్పైకి పైగా హల్లులు, ఒక్కోదానికి ఏడు రూపాలు. మొత్తం రెండు వందలు దాటతాయి. క్లాసు గోడ మీద వేలాడే చార్టులో ఒక్కో వరసా మన 'క కా కి కీ'కి తోబుట్టువులాగే ఉంటుంది, పిల్లలూ అలాగే వల్లెవేస్తారు. భాషావేత్తలు ఈ రెండు లిపులనూ ఒకే తరగతిలో పెడతారు. ఇలాంటి లిపుల్లో అక్షరాలన్నీ చేతికి రావడానికి ఒక ఏడాది చాలదు. కన్నడ పిల్లల మీద జరిగిన పరిశోధనలో ఆ పని నాలుగు, అయిదు తరగతుల దాకా సాగుతుందని తేలింది. అదే ఇథియోపియాలో ఓరోమో పిల్లలు 1991 నుంచి రోమన్ లిపిలో చదువుతున్నారు. గుర్తులు తక్కువ, పదాలు పొడవు. దీర్ఘం వస్తే అచ్చును రెండుసార్లు రాస్తారు, ద్విత్వం వస్తే హల్లును రెండుసార్లు రాస్తారు. ఒకే దేశంలో, పక్కపక్క జిల్లాల్లో, ఇద్దరు పిల్లలు పూర్తిగా వేర్వేరు మెట్లు ఎక్కుతుంటారు. మొదటి తరగతి చివర ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగి పోల్చడంలో అర్థం లేదు.

ఇప్పుడు జులూ పొడవు మాటల దగ్గరకు మళ్లీ రావాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. 'నేను చదువుతున్నాను' అంటే 'న్గియఫుండ'. 'మేం చదువుతున్నాం' అంటే 'సియఫుండ'. 'మీరు' అయితే 'నియఫుండ', 'వాళ్లు' అయితే 'బయఫుండ'. తెలుగులో మనిషి మారితే పదం తోక మారుతుంది: చదువుతాను, చదువుతావు, చదువుతారు. జులూలో తల మారుతుంది. 'నేను చదవను' అనాలంటే తలా తోకా రెండూ మారి 'అన్గిఫుండి' అవుతుంది. పదం మధ్యభాగం మాత్రం అన్నిటిలోనూ ఒకేలా ఉంటుంది. దానికి తోడు వాక్యంలో కర్తకున్న ఉపసర్గ విశేషణం మీదా, క్రియ మీదా మళ్లీ మళ్లీ వస్తుంది. పేజీ తెరిస్తే కంటికి ఒకేలా కనిపించే పొడవాటి పదాలే వరసగా ఉంటాయి.

ఇలాంటి పేజీలో పదం ఆకారం చూసి ఊహించడం కుదరదు. ఇంగ్లిష్ బోధనలో తరచూ వచ్చే చిన్న పదాలను చూడగానే గుర్తుపట్టేలా కార్డుల మీద రాసి నేర్పించే అలవాటు ఉంది. ఇంగ్లిష్‌లో దానికి అర్థం ఉంది, ఎందుకంటే అక్కడ కొన్ని పదాల స్పెల్లింగ్ ఏ నియమానికీ లొంగదు. ఆ అలవాటును జులూ పాఠాల్లోకి తెచ్చి పెడితే ఉపయోగం చాలా తక్కువ. జులూలో అలా విడిగా నిలిచే చిన్న పదాలు కొన్నే, పైగా వాటిని కూడబలుక్కుని చదవడం కష్టమేమీ కాదు. జులూ పిల్లకు కావలసింది వేరే నేర్పు: పొడవు పదంలోకి దిగి, ముక్క ముక్కగా విడదీసి, ఎవరు, ఎప్పుడు, ఎవరిని అన్నవి ఏ ముక్కలో దాగున్నాయో పట్టుకోవడం. ఇది ఇంట్లో మాట్లాడే భాష కాబట్టి ఆ ముక్కలన్నీ పిల్లకు చెవి ద్వారా ముందే తెలుసు. పేజీ మీద వాటిని చూపించే పాఠం మాత్రం చాలా బడుల్లో లేదు. బాగా చదవగలిగిన పెద్దవాళ్ల కంటి కదలికలను గమనించినప్పుడు కూడా, జులూ చదివేవాళ్ల చూపు ఇంగ్లిష్ చదివేవాళ్ల కంటే ఒక్కో చోట ఎక్కువసేపు ఆగుతుందని, చిన్న చిన్న అంగలతో ముందుకు కదులుతుందని తేలింది. అంటే జులూలో నెమ్మదిగా చదవడం వెనకబాటు కాదు, ఆ రాతకు అదే సహజమైన నడక.

దీన్ని గుర్తించకుండా చదివే వేగాన్ని కొలవడం వల్ల చాలా నష్టం జరిగింది. ప్రాథమిక తరగతుల పఠనాన్ని కొలిచే ఇగ్రా అనే పరీక్షను 2006 ప్రాంతంలో రూపొందించారు. పిల్లకు ఒక పేరా ఇచ్చి, స్టాప్‌వాచ్ పట్టుకుని, నిమిషంలో ఎన్ని పదాలు తప్పు లేకుండా చదివిందో లెక్కపెడతారు. దాని మూలాలు అమెరికాలో ఇంగ్లిష్ పిల్లల కోసం తయారైన పరీక్షల్లో ఉన్నాయి. పరీక్ష మంచిదే. ఎంతమంది పిల్లలకు ఒక్క పదం కూడా చదవడం రాదో ప్రభుత్వాల కళ్లకు కట్టినట్టు చూపించింది అదే. చిక్కల్లా నిమిషానికి 45, 60 పదాలు అనే గీత దేశం నుంచి దేశానికి, భాష నుంచి భాషకు అలాగే ప్రయాణించడంతో వచ్చింది. 'న్గియబథాండ' ఒక పదం, 'కె అ బ రత' నాలుగు పదాలు అయినప్పుడు, పదాల్లో లెక్కపెడితే సెపెడీ పిల్ల జులూ పిల్ల కంటే ఎప్పుడూ చురుగ్గానే కనిపిస్తుంది.

2020 ప్రాంతంలో దక్షిణాఫ్రికాలో ఈ భాషలకు వాటి సొంత గీతలు వచ్చాయి. జులూ, ఖోసా వంటి న్గుని భాషల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 20 పదాలు, మూడో తరగతి చివరికి 35. సెపెడీలాగే విడదీసి రాసే సెసోతో, సెట్స్వానా భాషల్లో రెండో తరగతికి 40, మూడో తరగతికి 60. రెండు వైపులా మొదటి తరగతి చివరికి నిమిషంలో 40 అక్షరాల ధ్వనులు చెప్పగలగాలి. ఒక్కో భాషలో పిల్లలు ఏ వేగం దాటితే అర్థం చేసుకోవడం మొదలవుతుందో చూసి తేల్చిన గీతలివి. ఇవి వచ్చాక టీచర్ చేతికి మొదటిసారి నమ్మదగిన కొలత దొరికింది. మూడో తరగతి జులూ పిల్ల నిమిషానికి 35 పదాలు చదివితే ఆ పిల్ల బాగానే ఉంది, టెన్షన్ పడక్కర్లేదు. 20 దాటకపోతే మాత్రం వెంటనే పట్టించుకోవాలి.

సెపెడీ, సెట్స్వానా పిల్లల సంగతి ఇంకో రకం. పొట్టి పదాలను వాళ్లు తొందరగానే చదివేస్తారు. కానీ 'కె', 'అ', 'ఒ', 'బ' అనే ఆ ముక్కలకు విడిగా ఒక స్థిరమైన అర్థం లేదు, ఒక్కోటి పక్కనున్న పదాన్ని బట్టి రకరకాల పనులు చేస్తుంది. వేలు పెట్టి ఒక్కో పదమే చదివే పిల్లకు వాక్యం విరిగిన ముక్కలుగానే వినిపిస్తుంది. పక్కపక్కనున్న మూడు నాలుగు ముక్కలను ఒక్క ఊపిరిలో కలిపి చదివితే తప్ప అది తాను రోజూ మాట్లాడే మాటేనని తెలియదు. అందుకే ఇక్కడ వేగం మోసం చేయగలదు. గబగబా చదివి, ఏం చదివావంటే తెల్లమొహం వేసే పిల్లలు ఈ వైపు కనిపిస్తారు. జులూ పిల్లకు విడదీయడం నేర్పాలి, సెపెడీ పిల్లకు కలపడం నేర్పాలి.

ఈ తేడా భాషల్లో పుట్టింది కాదు, మనుషులు పెట్టింది. ఒక్కో మిషనరీ సంఘం తనకు తోచిన పద్ధతిలో రాసింది. యూరప్ భాషల వ్యాకరణానికి అలవాటుపడిన చెవికి 'నేను', 'వాళ్లని' అన్నవి విడి పదాలుగానే వినిపించాయి. జులూ కూడా మొదట్లో ఇప్పటికంటే ఎక్కువ విడదీసే రాసేవారు. విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన భాషావేత్త క్లెమెంట్ డోక్ 1920, 30లలో కలిపి రాయడమే ఈ భాషల స్వభావానికి సరైనదని గట్టిగా వాదించారు. న్గుని భాషలు, జింబాబ్వేలోని షోనా ఆ దారి పట్టాయి. సెపెడీ, సెసోతో, సెట్స్వానా ఉన్న సోతో భాషలు పాత దారిలోనే ఉండిపోయాయి. ఇప్పుడు ఏదీ మార్చే అవసరం లేదు. లక్షలమంది అలవాటుపడిన రాత అది. పాఠం మాత్రం ఆ రాతకు తగ్గట్టు ఉండాలి.

రాతలో కనిపించని సంగతి ఇంకొకటి ఉంది: స్వరం. ఆఫ్రికా భాషల్లో చాలావాటిలో గొంతు ఎత్తు మారితే అర్థం మారుతుంది. జులూలో 'ఇన్యంగ' అంటే చంద్రుడు, నాటు వైద్యుడు కూడా. పలుకులో తేడా ఉంది, రాతలో లేదు. నైజీరియాలో యొరుబావాళ్లు రాతలోనూ ఆ తేడా చూపిస్తారు. 'ఒకొ' అన్న ఒక్క పదం మీద స్వరం గుర్తులు మారుస్తూ భర్త, పార, బండి, ఈటె అని నాలుగు అర్థాలు రాయొచ్చు. గుర్తులు పెడితే పిల్లలకు తేలిక అవుతుందనుకోవడం సహజం. ఎప్పుడూ అలా జరగదు. కామెరూన్‌లోని యెంబా భాషలో భాషావేత్త స్టీవెన్ బర్డ్ చేసి 1999లో వెలువరించిన ప్రయోగంలో, ప్రతి పదం మీదా స్వరం గుర్తులు పెట్టినప్పుడు చదివేవాళ్లు ఇంకా నెమ్మదించారు, ఎక్కువ తడబడ్డారు. సందర్భం చెప్పేసేదాన్ని గుర్తు మళ్లీ చెబితే కంటికి బరువే. అమ్హారిక్‌లోనూ ద్విత్వానికి గుర్తు లేదు. 'అన్నాడు' అనే 'అలె', 'ఉన్నాడు' అనే 'అల్లె' ఒకేలా రాస్తారు, వాక్యాన్ని బట్టి పిల్లలు సరిగ్గానే చదువుకుంటారు. అయితే సందర్భం నుంచి పట్టుకోవాలంటే ఆ భాష పిల్లకు బాగా వచ్చి ఉండాలి.

పుస్తకంలోని భాష పిల్లకు అలా ముందే వచ్చి ఉండడం అన్నిచోట్లా జరగదు. జాంబియాలో 2013లో వచ్చిన పాఠ్యప్రణాళిక ఏడు స్థానిక భాషల్లో తొలి తరగతుల చదువు చెప్పమంది. రాజధాని లుసాకాలో ఆ భాష న్యాంజా. అయితే లుసాకా వీధుల్లో పిల్లలు మాట్లాడేది బెంబా, ఇంగ్లిష్ మాటలు కలగలిసిన పట్నం న్యాంజా. పాఠ్యపుస్తకంలో ఉన్నది తూర్పు ప్రాంతపు శిష్ట న్యాంజా. పుస్తకంలోని మాటలు కొన్ని ఆ పిల్లలు ఎప్పుడూ విననివి. ఇంట్లో న్యాంజాయే మాట్లాడని పిల్లలూ అదే క్లాసులో కూర్చుంటారు. ఈ ప్రశ్న మనకూ ఎదురైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, సవర వంటి భాషల పిల్లలకు తెలుగు లిపిలో వాళ్ల మాటలతోనే వాచకాలు తయారుచేయడం మొదలుపెట్టింది ఇందుకే. 'మాతృభాషలో చదువు' అని ఉత్తర్వు రాయడం ఒక్కరోజు పని. ఆ క్లాసులో కూర్చున్న పిల్లల మాతృభాష ఏదో కనుక్కోవడానికి మనుషులు బడికి వెళ్లి వినాలి.

పుస్తకాల దగ్గర జరిగిన నష్టం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో మొదటి తరగతి పిల్లల కోసం 'పిల్లి చాప మీద కూర్చుంది' అని రాస్తే ఆరు చిన్న పదాలు, ఒక్కోటి రెండు మూడు అక్షరాలు. ఆ వాక్యాన్ని జులూలోకి అనువదిస్తే 'ఇకాతి లిహ్లెజి ఒకన్సిని'. పదాలు మూడే అయ్యాయి. వాటిలో ఒకటి ఎనిమిది అక్షరాల పొడవు, హెచ్, ఎల్ జంట ఒకటి, క్లిక్ ధ్వని ఒకటి, ఎన్, ఎస్ జంట ఒకటి. ఇంగ్లిష్‌లో మొదటి మెట్టు మీదున్న వాక్యం జులూలో నాలుగో మెట్టుకు చేరింది. పుస్తకం అట్ట మీద మాత్రం 'మొదటి మెట్టు' అనే ఉంటుంది. పిల్ల చదవలేకపోతే తప్పు పిల్ల మీద పడుతుంది. ఇలాంటి అనువాద వాచకాలు దశాబ్దాల పాటు బడుల్లో నడిచాయి. మొల్తెనో సంస్థ తెచ్చిన 'వుల బుల' వాచకాలు ఈ పద్ధతిని వదిలేసి, ఒక్కో భాషలో ఏ ధ్వని ముందు రావాలో, ఏది తర్వాత రావాలో ఆ భాషలోనే నిర్ణయించుకుని కథలు రాయించాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆఫ్రికన్ స్టోరీబుక్ అనే వేదిక 2014 నుంచి ఖండంలోని ఎన్నో భాషల్లో బొమ్మల కథలను అలాగే ఉచితంగా అందిస్తోంది. ఆ కథల్లో కొన్నిటిని మన ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్‌లో కూడా చదవొచ్చు.

మంచి పుస్తకం ఇచ్చి, ఎలా నేర్పాలో చెప్పి వదిలేస్తే సరిపోతుందా? దీనికి సూటిగా జవాబిచ్చిన ప్రయోగం దక్షిణాఫ్రికాలోని నార్త్ వెస్ట్ రాష్ట్రంలో 2015లో మొదలైంది. 230 బడులు, భాష సెట్స్వానా. 50 బడుల టీచర్లను ఒకచోట చేర్చి శిక్షణ ఇచ్చారు. ఇంకో 50 బడులకు అవే పాఠ ప్రణాళికలు, అవే పుస్తకాలు ఇచ్చి, అనుభవమున్న కోచ్ క్లాసుకే వచ్చి టీచర్ పక్కన నిలబడి చూసేలా ఏర్పాటు చేశారు. మరో 50 బడుల్లో తల్లిదండ్రులతో సమావేశాలు పెట్టారు. మిగిలిన 80 బడులను పోల్చడానికి మామూలుగా ఉంచారు. రెండేళ్ల తర్వాత కోచ్ వచ్చిన బడుల పిల్లలు మామూలు బడుల పిల్లల కంటే ఒక ఏడాది చదువులో దాదాపు 40 శాతమంత ముందున్నారు. ఒకచోట శిక్షణ పొందిన టీచర్ల పిల్లలకు వచ్చిన లాభం దానిలో సగం. తల్లిదండ్రుల సమావేశాల వల్ల చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఖర్చు తగ్గుతుందని తర్వాత మ్పుమలంగా రాష్ట్రంలో కోచ్‌ను ఫోనుకీ ట్యాబ్లెట్‌కీ పరిమితం చేసి చూశారు. అక్కడ నేర్పింది రెండో భాషగా ఇంగ్లిష్. ఫోను కోచింగ్ కాలం గడిచేకొద్దీ మనిషి వచ్చే కోచింగ్‌కు సాటి రాలేదు, పైగా ఇంటి భాషలో చదువు మీద చెడు ప్రభావం కనిపించింది.

ఉగాండా అనుభవం ఇంకా గట్టిది. 2007 నుంచి అక్కడ మొదటి మూడు తరగతులు స్థానిక భాషల్లో నడుస్తున్నాయి. ఉత్తరాన లీరా ప్రాంతంలో లెబ్లాంగో భాషలో మ్యాంగో ట్రీ అనే సంస్థ ఒక పద్ధతి తయారుచేసింది: ఆ భాష కోసమే రాసిన వాచకాలు, పలకలు, టీచర్లకు గట్టి శిక్షణ, తరచూ వచ్చి చూసే సిబ్బంది. దాన్ని మొత్తంగా అమలుచేసిన బడుల్లో పిల్లల చదువులో వచ్చిన పెరుగుదల ఇలాంటి ప్రయోగాల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. అదే పద్ధతిని పలకలు తీసేసి, సందర్శనలు తగ్గించి, ప్రభుత్వ సిబ్బంది ద్వారా చవకగా నడిపినప్పుడు పిల్లలకు అక్షరాల పేర్లు వచ్చాయి, చదవడం దాదాపు రాలేదు. రాతలో కొన్ని అంశాల్లో ఏ కార్యక్రమమూ లేని బడుల పిల్లల కంటే వెనకబడ్డారు. ఖర్చు తగ్గించేవాళ్లు ముందు కోసేది పలకను, మనిషి రాకను. పిల్లకు చదువు తెచ్చినవి సరిగ్గా అవే.

ఇంత తెలిశాక కూడా తల్లిదండ్రుల్లో చాలామంది ఇంగ్లిష్ బడినే కోరుకుంటారు. దక్షిణాఫ్రికాలో దానికి బరువైన చరిత్ర ఉంది. 1953 బంటూ విద్యా చట్టం నల్లజాతి పిల్లలకు మాతృభాషలో చదువును బలవంతంగా పొడిగించింది, వాళ్లను కింది పనులకే పరిమితం చేయడానికి. 1976 జూన్ 16న జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లజాతివాళ్ల పేట సొవెటోలో పిల్లలు వీధుల్లోకి వచ్చింది ఆఫ్రికాన్స్ మాధ్యమాన్ని రుద్దినందుకు. ఆ రోజు పోలీసుల కాల్పుల్లో పిల్లలు చనిపోయారు. ప్రభుత్వం 'మీ భాషలో చదువుకోండి' అంటే అనుమానంతో చూసే ఇల్లు ఇప్పటికీ ఉందంటే అది వాళ్ల తెలివితక్కువతనం కాదు. 1997 భాషా విధానం బడులకు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ఆచరణలో చాలాకాలం ఎక్కువ బడులు మూడో తరగతి వరకు ఇంటి భాషలో నేర్పి, నాలుగులో ఒక్కసారిగా ఇంగ్లిష్‌కు మారేవి. సొంత భాషలోనే ఇంకా కూడబలుక్కుంటున్న పిల్ల ముందు ఆ ఏడాది లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రం అన్నీ ఇంగ్లిష్‌లో వచ్చి పడేవి.

మొదటి మూడేళ్లు సొంత భాషలో చదివితే ఇంగ్లిష్ దెబ్బతింటుందన్న భయానికి ఆధారం లేదు. దక్షిణాఫ్రికా బడుల లెక్కలను పరిశీలించిన స్టీఫెన్ టేలర్, మరిసా ఫాన్ ఫింటెల్ కనుక్కున్నది దానికి వ్యతిరేకం: ఆ మూడేళ్లు ఇంటి భాషలో నేర్చుకున్న పిల్లలకే నాలుగు, అయిదు, ఆరు తరగతుల్లో ఇంగ్లిష్ మెరుగ్గా వచ్చింది. నైజీరియాలో విద్యావేత్త బాబ్స్ ఫఫున్వా నడిపిన ఇఫే ప్రాజెక్టు 1970లోనే ఇంకా ముందుకు వెళ్లింది. ఆరేళ్ల ప్రాథమిక చదువు మొత్తం యొరుబాలో, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా మాత్రమే. ఆ పిల్లలు మిగతా సబ్జెక్టుల్లోనే కాదు, ఇంగ్లిష్‌లోనూ వెనకబడలేదు.

2019లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడు సిరిల్ రామఫోసా పదేళ్లలో దేశంలోని ప్రతి పదేళ్ల పిల్లా అర్థం చేసుకుంటూ చదవగలగాలని పార్లమెంటులో చెప్పారు. ఆ గడువు 2029లో వస్తుంది. 2025 నుంచి నాలుగో తరగతిలో ఇంటి భాషనూ ఇంగ్లిష్‌నూ కలిపి లెక్కలు, సైన్సు నేర్పే విధానం దేశవ్యాప్తంగా మొదలైంది. ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో ఖోసాతో, సెసోతోతో దాన్ని అంతకు చాలా ముందు నుంచే నడుపుతున్నారు. పిల్ల నాలుగులోకి వచ్చేసరికి ఖోసాలో నిమిషానికి 35 పదాలు చదవగలిగితేనే ఆ సైన్సు పుస్తకం ఆ పిల్లకు పనికొస్తుంది. అందుకు మొదటి తరగతిలో ఎన్, జి, క్యూ గుంపును ఎవరో ఒకరు పలక మీద రాసి, పలికించి, మళ్లీ రాయించాలి.